ఏడో నంబరుకి ఎనిమిది మార్కుల బాకీ

జూన్ 14, మంగళవారం

పనులు: వంట రెండు పూటలు. బట్టలు రెండు బకెట్లు. బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టడం. ఫ్యాన్ రెక్కలు తుడవడం, మూడు ఫ్యాన్లు. ఆయన చొక్కాకి గుండీ. మొత్తం ఐదు. మిగిలింది: పుస్తకాల అలమర.

బాకీ: పక్కింటివాళ్ళ నిచ్చెన.

నాలుగు గంటలకి ఆడపడుచు ఫోన్ చేసింది. ఎప్పుడూ ముందు వాళ్ళ అన్నయ్య సంగతి అడిగేది, ఇవాళ నేరుగా విషయంలోకి వచ్చింది. వదినా, ఎల్లుండి ఖాళీయేనా అంది. నేనెప్పుడు ఖాళీ అన్నాను. అయితే ఖాళీ చేసుకో అంది.

వాళ్ళది ముగ్గురు మనుషుల ఆఫీసు. చదువు చెప్పించడానికి ఎవరో గ్రాంట్ ఇస్తారు, ఎవరో తీసుకుంటారు. పిల్లలకి నిజంగా చదువు వచ్చిందా అన్నది ఇచ్చినవాళ్ళూ చెప్పకూడదు, తీసుకున్నవాళ్ళూ చెప్పకూడదు. మూడోవాళ్ళు వెళ్ళి చూసి రాయాలి. ఆ మూడోవాళ్ళు వీళ్ళు. ఇప్పుడు వాళ్ళకి పని, కేసుల్లో ఇరుక్కున్న ఆడపిల్లల్ని ఉంచే హోమ్‌లో. పదిహేనేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు. అక్కడ రెండు క్లాసులు మొదలవుతున్నాయి. మొదలయ్యే ముందు ఒక టెస్ట్, ఏడాదికి అదే టెస్ట్ మళ్ళీ. ఎంత పెరిగిందో అదే చదువు. టెస్ట్ పెట్టేవాళ్ళు ఆడవాళ్ళే కావాలి. ట్రైనింగ్ అయిన అమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయట.

నాకేం వచ్చని అన్నాను. ఇద్దరు పిల్లల్ని దగ్గర కూర్చుని చదివించావుగా, అంతకన్నా ఏం కావాలి అంది.

ఒప్పుకున్నాను.

జూన్ 16, గురువారం

పనులు: వంట ఒక పూట. మిగతావి లేవు. టెస్ట్ ఒకటి.

పెన్సిళ్ళు పన్నెండు, అదనంగా రెండు, ఇంట్లోనే చెక్కి తీసుకెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఆవిడ నా ఫోను, పర్సు, పిన్నీసులు తీసుకుని పెన్సిళ్ళు లెక్కపెట్టింది. పద్నాలుగు రాసుకుంది. వెళ్ళేటప్పుడు పదమూడు ఉంటే నన్ను కూడా ఇక్కడే ఉంచేస్తాను అంది. నవ్వలేదు.

ఆడపడుచు రూల్స్ కాగితం ఇచ్చి ఇరవై నిమిషాల్లో చెప్పేసి పక్క రూముకి పోయింది. పేర్లు అడగకూడదు, రాయకూడదు. ప్రతి అమ్మాయికీ నంబరు. నా రూములో ఒకటి నుంచి పన్నెండు. ఇరవై అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదాని పక్కన టిక్కు, గంట టైము. సందేహాలకు జవాబు చెప్పకూడదు.

కాగితాలు ఇచ్చాను. ఏడో నంబరు పెన్సిల్ పట్టుకుని కూర్చుంది, కాగితం వైపు చూడడంలేదు. సన్నగా ఉంటుంది, జుట్టు చెవుల దాకా కత్తిరించారు. ఏమ్మా అన్నాను. ఆంటీ, ఇందులో ఏముందో చెప్తే చేస్తాను అంది. జవాబు చెప్పకూడదని ఉంది గానీ ప్రశ్న చదవకూడదని లేదు. చదివాను.

వెనక నుంచి ఒకమ్మాయి, దానికే చదువుతారా ఆంటీ, మేమేం పాపం చేశాం అంది. ఇంకొకతి, పాపం చేసేగా ఇక్కడికొచ్చాం అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

కానీ ఆ అమ్మాయి అన్నది నిజం. ఒకరికి చదివితే అందరికీ చదవాలి అని వాళ్ళతోనే అన్నాను. ఇంట్లో ఇద్దరి గ్లాసులూ పక్కపక్కన పెట్టి, వంగి గీత చూసి పాలు పోసినదాన్ని. ఇరవై అయిదు ప్రశ్నలూ అందరికీ వినబడేలా చదివాను. ఒక్కొక్కటి రెండుసార్లు. సరైన జవాబు దగ్గర గొంతు ఆగకుండా, మారకుండా జాగ్రత్తపడ్డాను.

ఏడో నంబరు లెక్కలన్నీ వేళ్ళ మీదే చేసింది. బల్ల కింద వేళ్ళు ఎలా కదిలాయో! మనసులో ‘వేళ్ళమ్మాయి’ అని పేరు పెట్టుకున్నాను. పేరు రాయకూడదన్నారు గానీ పెట్టకూడదనలేదు.

ఇంటికొచ్చి జవాబుల కాగితం దగ్గర పెట్టుకుని మార్కులు వేశాను. వేళ్ళమ్మాయికి 19. అందరిలోకీ ఎక్కువ.

బయటికొచ్చేటప్పుడు పెన్సిళ్ళు పద్నాలుగు.

జూన్ 17, శుక్రవారం

పనులు: ఆరు. పుస్తకాల అలమర కూడా అయింది.

మార్కుల కాగితాలు ఇచ్చేశాను. నిచ్చెన: చెల్లు.

డిసెంబర్ 5, సోమవారం

పనులు: ఏడు.

ఆడపడుచు వచ్చింది. నా రూములో పన్నెండుమందీ ఇంకా అక్కడే ఉన్నారట, ఒక్కరూ విడుదల కాలేదట. డేటాకి మంచిది వదినా అంది. సంతోషించాలో లేదో తెలియలేదు.

జూన్ 8, గురువారం

పనులు: వంట ఒక పూట. టెస్ట్ రెండోది.

అదే గేటు, అదే కాపలా ఆవిడ. పద్నాలుగు అని నాకంటే ముందే అనేసింది.

నా రూము పిల్లలకి ఏడాది చదువు చెప్పింది కుట్టు టీచరు. అంతకుముందు అదే హోమ్‌లో మిషన్ కుట్టడం నేర్పేదట. పక్క రూముకి ట్రైనింగ్ అయిన టీచరు. కుట్టు టీచరు వరండాలో నిలబడి లోపలికి చూస్తూ ఉంది. సొంత పిల్లల్ని పరీక్షకి పంపినదానిలా ఉంది.

ఈసారి రూల్ మారినట్టుంది. మొదలుపెట్టే ముందు ఆడపడుచు, వదినా, కాగితాలిచ్చి టైము చెప్పడం తప్ప నోరు విప్పకు అంది. గ్రాంట్ వాళ్ళ మనిషి కూడా వచ్చాడట. సరే అన్నాను.

ఆడపడుచు కాపలా ఆవిడతో ఏదో సంతకం గొడవలో ఉండగా, వేళ్ళమ్మాయి నన్ను చూసి, ఆంటీ, ఈసారి మీరు చదవక్కర్లేదు అంది. చదవనులే, రూల్ మారింది అన్నాను. అందుకు కాదన్నట్టు చూసి తలదించుకుంది.

ఈసారి వేళ్ళు బల్ల మీదే ఉన్నాయి. చూపుడువేలు ఒక్కో అక్షరం కింద. పెదాలు కదులుతున్నాయి. ఒక ప్రశ్న చదవడానికి నాలుగు నిమిషాలు, చేయడానికి ఒకటి. గంట అయిపోయే సరికి పదకొండు చేసింది. కాగితం తీసుకుంటుంటే వేలు ఇంకా పన్నెండో ప్రశ్న మీదే ఉంది. వేలు తీయించి తీసుకున్నాను.

పదకొండూ రైటు. పద్నాలుగు ఖాళీలు. ఖాళీకి సున్నా. 11.

జూన్ 9, శుక్రవారం

పనులు: ఐదు. మార్కుల కాగితాలు ఇచ్చాను. బాకీలు లేవు.

జూలై 3, సోమవారం

పనులు: వంట రెండు పూటలు. బట్టలు మూడు బకెట్లు. కిటికీ ఊచలు. మొత్తం మూడు.

ఆడపడుచు రిపోర్ట్ డ్రాఫ్ట్ పట్టుకుని భోజనానికి వచ్చింది. వాళ్ళ అన్నయ్యకి చూపించి గొప్పలు పోయింది. పక్క రూములో మొదట సగటు ఎనిమిది, ఇప్పుడు పదిహేను. నా రూములో మొదట పదహారు, ఇప్పుడు పదమూడు. చదువు చెప్పి ఉన్న చదువు పోగొట్టిన ఘనత మీ కుట్టు టీచరుదే వదినా అంది. మా కుట్టు టీచరు ఎప్పుడయిందో నాకు తెలియదు.

నా రూము పిల్లల రెండో క్లాసు మూసేయమని, ఆ టీచరుని తీసేయమని రాశారట. పద్నాలుగో తారీకున రిపోర్ట్ ఇచ్చేస్తారు. మరి పిల్లలు అన్నాను. పక్క రూములో చోటు లేదు, లాండ్రీలో బట్టలు మడతపెట్టే పనిలో వేస్తారు అంది. పాపం కదే అన్నాను. మనం ఇండిపెండెంట్ వదినా, జాలి మన డిపార్ట్‌మెంట్ కాదు అంది. ఇంకో చపాతీ వేసుకుంది.

జూలై 4, మంగళవారం, మధ్యాహ్నం 3:10

పనులు ఆగిపోయాయి.

కుక్కర్ ఆవిరి పక్క నుంచి పోతోంది. గాస్కెట్ మార్చి ఏడాది అయిందా అని చూడడానికి పోయినేడాది డైరీ తీశాను. గాస్కెట్ జూన్ 18. దానికి ముందు పేజీల్లో జూన్ 16 ఉంది. ఊరికే చదివాను.

రెండోసారి చదివాను.

రూల్ మారలేదు. మొదటిసారి కూడా అదే రూల్. సందేహాలకు జవాబు చెప్పకూడదంటే ప్రశ్న కూడా చదవకూడదనే, నాకు తెలియలేదు, అంతే. పక్క రూములో ఎవరూ ప్రశ్నలు చదివి వినిపించలేదు, అందుకే వాళ్ళకి ఎనిమిది. నేను చదివాను, అందుకే నా వాళ్ళకి పదహారు. మొదటిసారి చెవులకి పరీక్ష పెట్టాను, రెండోసారి కళ్ళకి పెట్టాను. రెండూ పక్కపక్కన పెట్టి వీళ్ళు తీసివేత చేశారు.

ఏడాది కిందట కాగితంలో ఏముందో చెప్పమన్న పిల్ల, ఈసారి మీరు చదవక్కర్లేదు అంది. రూల్ మారింది అన్నాను నేను! ఆ పిల్ల చెప్పింది రూల్ గురించి కాదు.

పన్నెండుమందిలో ఎవరికి ఎంత చదువు వచ్చిందో నాకు తెలియదు. వేళ్ళమ్మాయి సంగతి మాత్రం తెలుసు. ఒక్క ప్రశ్న చదవలేనిది పదకొండు చదివింది. రిపోర్ట్‌లో దాని పక్కన మైనస్ ఎనిమిది అని ఉంటుంది. ఆ మైనస్‌లన్నీ కలిపి కుట్టు టీచరు మెడకి చుట్టారు. చుట్టింది నేను. పక్షపాతం ఉండకూడదని ఇరవై అయిదు ప్రశ్నలు రెండేసిసార్లు గొంతు పోయేలా చదివి మరీ చుట్టాను.

బాకీ: ఏడో నంబరుకి ఎనిమిది మార్కులు. కుట్టు టీచరుకి ఎంతో రాయడం తెలియలేదు.

గాస్కెట్ మార్చాలి.

జూలై 5, బుధవారం

పనులు: నాలుగు.

ఆయనకి చెప్పాను. పేపర్ మడిచి పక్కన పెట్టి విన్నారు, అది అరుదు. విని, ఇప్పుడు చెప్తే మా చెల్లి ఆఫీసు మునుగుతుంది అన్నారు. చెప్పకపోతే క్లాసు మునుగుతుంది అన్నాను. క్లాసు వాళ్ళు మనకేమవుతారు అన్నారు. కాసేపటికి, నీ డైరీ నువ్వు తప్ప ఎవరూ చదవరు కదా అన్నారు.

నేను చదివేశానండీ అన్నాను.

జూలై 6, గురువారం

పనులు: నాలుగు, అన్నీ పదకొండు గంటల లోపల.

ఆడపడుచుకి ఫోన్ చేశాను. డైరీ పేజీ మొత్తం చదివి వినిపించాను, పెన్సిళ్ళతో సహా. లైన్‌లో ఉన్నావా అన్నాను. ఉన్నాను, ఎందుకున్నానా అని ఆలోచిస్తున్నాను అంది.

తర్వాత అందుకుంది. రూల్స్ కాగితం ఇచ్చానా లేదా? ఇచ్చావు. చదివావా లేదా? చదివాను. అయినా పిల్లలకి గోరుముద్దలు తినిపించినట్టు ప్రశ్నలు తినిపించావా? అవును. ఏడాది నుంచి ఎందుకు చెప్పలేదు? తప్పని తెలియలేదు. తెలియలేదని రాస్తే గ్రాంట్ వాళ్ళు ఊరుకుంటారా? మూడోవాళ్ళం మూడోవాళ్ళం అని చెప్పుకుని బతుకుతున్నాం వదినా, మూడోవాళ్ళే గందరగోళం చేస్తే ఇక నాలుగోవాళ్ళని పెట్టుకోవాలా అంటారు. ఇంకెవరూ మాకు పని ఇవ్వరు. పైగా టీచరుని కాపాడడానికి అల్లిన కథ అనుకుంటారు.

అన్నీ నిజాలే. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ఎవరి పక్షమూ కాదన్నావుగా, మన పక్షం కూడా కాకూడదేమో అన్నాను.

ఫోన్ పెట్టేసింది.

జూలై 8, శనివారం

పనులు: ఐదు. జిరాక్స్ ఒకటి.

జరిగింది ఒక పేజీలో రాశాను. నాలుగుసార్లు చింపాను. మొదటి మూడింటిలో ‘దయచేసి’ ఎక్కువయింది. నాలుగోదాంట్లో తారీకు, రూము, ఎంతమంది, ఏం చేశాను, అంతే. కింద సంతకం. డైరీ పేజీ జిరాక్స్ జతచేశాను. జిరాక్స్ కుర్రాడు మొదటి రెండు లైన్లు చదివి, అమ్మా, ఇది కోర్టు పేపరా అన్నాడు. దాదాపు అన్నాను.

ఆడపడుచు ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. చీటీ పెట్టాను: పదమూడు లోగా రిపోర్ట్‌కి జతచేయకపోతే గ్రాంట్ ఆఫీసుకి నేనే పోస్ట్ చేస్తాను. వదిన.

‘వదిన’ రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. రాశాను.

జూలై 10, సోమవారం

పనులు: ఏడు. ఫ్యాన్ రెక్కలు, మూడు ఫ్యాన్లు. ఫోన్ రాలేదు.

జూలై 11, మంగళవారం

పనులు: ఎనిమిది. ఫ్యాన్ రెక్కలు నిన్ననే తుడిచానని సగంలో గుర్తొచ్చింది. ఫోన్ రాలేదు.

జూలై 13, గురువారం

పనులు: మూడు.

కవరు మీద అడ్రస్ రాసి, స్టాంపు అంటించి చెప్పులు వేసుకుంటుంటే ఆడపడుచు గుమ్మంలో నిలబడింది. కవరు వైపు చూసింది. రిపోర్ట్‌లో పెట్టాను అంది. లోపలికి రా, టీ తాగు అన్నాను. వద్దు అంది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, ఆ స్టాంపు ఊడదీసి దాచుకో, దేనికైనా పనికొస్తుంది అంది.

అంత కోపంలోనూ నా సంగతి దానికి తెలుసు.

జూలై 27, గురువారం

పనులు: వంట ఒక పూట.

గ్రాంట్ ఆఫీసుకి రమ్మన్నారు, డైరీ అసలుది తెమ్మన్నారు. వరండాలో ఒకటే బెంచీ. దాని మీద కుట్టు టీచరు ఒక్కతే కూర్చుని ఉంది. ఆవిడనీ పిలిచారట. పక్కన కూర్చున్నాను. ఎవరు చెప్పినా చెప్పకపోయినా నేను చెప్పాలి కాబట్టి చెప్పాను. అయిదు నిమిషాలు పట్టింది.

ఆవిడ అరవలేదు. ఒళ్ళో ఉన్న సంచీ పట్టీని చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. మూడు వారాల నుంచీ నా పాఠాల పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేస్తున్నానండీ, పిల్లల్ని ఎక్కడ పాడుచేశానా అని అంది. మా ఇంట్లో కూడా, నీకెందుకు చదువు చెప్పడం, మిషన్ ముందు కూర్చోక అన్నారు అంది. నేను ఒప్పుకోవాల్సి వచ్చింది అంది.

క్షమించండి అన్నాను. ఆ మాట చాలా చిన్నగా వినబడింది.

ఆవిడ సంచీ పట్టీ వదిలేసింది. ఆ జుట్టు కత్తిరించిన పిల్ల గుర్తుందా, ఇప్పుడు హోమ్‌లో ఎవరికి ఇంటి నుంచి ఉత్తరం వచ్చినా దాని దగ్గరికే తీసుకెళ్తున్నారు అంది. నత్తి నత్తిగా చదువుతుందట. వినేవాళ్ళకి ఓపిక ఉండాలట. ఒకరోజు ఎవరో, నాది ముందు చదవవే, దానిది వద్దు అంటే, ఒకరికి చదివితే అందరికీ చదవాలి, లైన్లో నిలబడండి అందట. ఎక్కడ నేర్చుకుందో ఆ మాట అని నవ్వింది ఆవిడ.

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. లోపలికి పిలిచారు.

గ్రాంట్ ఆఫీసరు నా కన్నా చిన్నవాడు. జిరాక్స్‌నీ డైరీనీ పక్కపక్కన పెట్టి సరిచూశాడు. తర్వాత వెనక పేజీ తిప్పి పైకి చదివాడు: బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టడం. బాకీ, పక్కింటివాళ్ళ నిచ్చెన. మూలన కూర్చున్న ఆడపడుచు నేల వైపు చూసింది. ఈ నిచ్చెన ఏమిటండీ అన్నాడు. నిచ్చెనేనండీ అన్నాను. తిరిగిచ్చేశారా అన్నాడు. పదిహేడో తారీకు చూడండి అన్నాను. చూశాడు. తలాడించాడు.

ఈ పేజీ మొన్న రాసింది కాదని ఎలా నమ్మాలి అన్నాడు. ముందు వెనక మూడు వందల పేజీలున్నాయి, ఏదైనా తీయండి అన్నాను. నాలుగైదు తీశాడు. ఒకచోట మా ఆయన జలుబు గురించి ఉంది, గబుక్కున తిప్పేశాడు.

మీరు చదివి వినిపించకపోతే వాళ్ళకి మొదట ఎంత వచ్చి ఉండేది అన్నాడు. తెలియదండీ. సుమారుగా? పక్క రూములాగే ఎనిమిది అనుకోవచ్చా? ఎనిమిది అంటే క్లాసు గట్టెక్కుతుందని నాకు తెలుసు. ఆడపడుచూ తలెత్తి చూసింది. చూడనిది రాయనండీ అన్నాను.

పెన్ను మూత పెట్టి, వెళ్ళండి, రాతపూర్వకంగా చెప్తాం అన్నాడు.

తిరుగుప్రయాణంలో ఆడపడుచూ నేనూ ఒకే బస్సు, ఒకే సీటు. దిగేటప్పుడు నా సంచీ అందుకుంది.

ఆగస్ట్ 3, గురువారం

పనులు: ఐదు. కబురు లేదు. బాకీ అలాగే ఉంది. ఇన్ని రోజులు నిలిచిన బాకీ ఈ డైరీలో ఇంకోటి లేదు.

ఆగస్ట్ 16, బుధవారం

పనులు: వంట రెండు పూటలు. బట్టలు రెండు బకెట్లు. పరుపులు ఎండలో వేయడం. మొత్తం మూడు.

సాయంత్రం ఆడపడుచు లోపలికి వచ్చి కూర్చుంది. టీ అడిగి మరీ తాగింది. ఉత్తరం చదివి వినిపించింది, నేను చదువుకుంటానన్నా ఇవ్వలేదు. చదవడం నీకొక్కదానికే వచ్చా అంది.

నా రూము మొదటి టెస్ట్ లెక్కలోకి రాదు. అందుకని రెండో క్లాసు బాగుందని చెప్పలేరు, బాగాలేదనీ చెప్పలేరు. తెలియనప్పుడు మూయకూడదు కాబట్టి ఇంకో ఏడాది నడుస్తుంది, అదే టీచరుతో. కొత్తగా మొదటి టెస్ట్ వచ్చే నెల, కొత్త ప్రశ్నలతో. ఆ పని ఆడపడుచు ఆఫీసు ఊరికే చేసిపెట్టాలి. ఈ కింది వ్యక్తిని ఇకముందు టెస్ట్‌లకు వినియోగించరాదు. కింద నా పేరు.

మన ఇంట్లో బ్లాక్‌లిస్ట్ అయిన మొదటి మనిషివి వదినా, అన్నయ్యకి కూడా చేతకాలేదు అంది. ఆయన పేపర్ వెనక నుంచి, ఇంకా టైముంది అన్నారు.

వెళ్ళబోతూ, ఆ జూన్ 16 పేజీ నాకు ఇంకో కాపీ కావాలి అంది. కొత్తగా వచ్చేవాళ్ళకి ట్రైనింగ్‌లో చూపిస్తుందట, ఏం చేయకూడదో తెలియడానికి. పేరు తీసేస్తాను గానీ పెన్సిళ్ళు ఉంచుతాను అంది. నిచ్చెన కూడా ఇవ్వనా అన్నాను. ఇవ్వు, తిరిగిస్తాను అంది.

ఆగస్ట్ 18, శుక్రవారం

పనులు: రాయలేదు.

సవరించిన రిపోర్ట్ వచ్చింది. ముప్పై ఒకటో పేజీ, ఏడో నంబరు వరుస. మొదటి టెస్ట్: గీత. చివరి టెస్ట్: 11. తేడా: గీత.

ఆ పదకొండూ తను చదువుకున్నవే.

ఎనిమిది మార్కులు: చెల్లు.